తరగతిగది, తపాలా, తెర: విశ్వవిద్యాలయ విద్యపై ఒక చారిత్రక పరిశీలన

విశ్వవిద్యాలయ విద్యార్థికి ఆన్‌లైన్ చదువు మేలా, అధ్యాపకుడి ఎదుట కూర్చుని చదివే చదువు మేలా అన్న చర్చ 2020 నుంచి మన కళాశాలల్లో, సాహిత్య సభల్లో, పత్రికల్లో ఎడతెగకుండా సాగుతోంది. ఈ చర్చలో ప్రధానంగా రెండు పక్షాలు కనిపిస్తాయి. తెర వచ్చింది కాబట్టి చదువు అందరికీ సమానంగా అందుతుందనీ, ఇక గోడలూ గేట్లూ అక్కరలేదనీ మొదటి పక్షం. గురువు ఎదుట లేని చదువు చదువే కాదనీ, తరగతిగది పవిత్రమైనదనీ, యంత్రం వచ్చి దాన్ని మైలపరిచిందనీ రెండో పక్షం. మొదటివారు సాధనాన్ని చూసి సమాజాన్ని మరిచిపోతున్నారు. రెండోవారు తరగతిగదిని చూసి, దాని గడప బయట తరతరాలుగా నిలబడ్డవారిని మరిచిపోతున్నారు.

నిజానికి ఈ ప్రశ్న 2020లో పుట్టింది కాదు. దీనికి నూట అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రను పరిశీలించిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఇది: తరగతిగది ఎవరిని రానివ్వలేదో వారికోసం అదనంగా వచ్చినప్పుడు దూరవిద్య అభ్యుదయకరమైన పాత్ర నిర్వహించింది. ఉన్న తరగతిగదికి బదులుగా వచ్చినప్పుడు, ఎవరి పేరు చెప్పుకుని వచ్చిందో వారికే నష్టం చేసింది. సాధనం తపాలా కావచ్చు, రేడియో కావచ్చు, సెల్‌ఫోను కావచ్చు. ఈ గీటురాయి మాత్రం మారలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఇక ఆధారాలు చూద్దాం.

1

మన దేశంలో ఆధునిక విశ్వవిద్యాలయం బోధనాలయంగా పుట్టలేదు, పరీక్షల కార్యాలయంగా పుట్టింది. 1854 నాటి వుడ్ తాఖీదును అనుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలను స్థాపించినప్పుడు వలస ప్రభుత్వం నమూనాగా తీసుకున్నది లండన్ విశ్వవిద్యాలయాన్ని. 1836లో ఏర్పడిన ఆ సంస్థ అప్పట్లో పాఠాలు చెప్పేది కాదు. పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది. 1858లో అది మరో అడుగు వేసి, వైద్యం మినహా మిగిలిన పరీక్షలకు ఫలానా కళాశాలలో చదివి ఉండాలన్న నియమాన్నే ఎత్తివేసింది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలలో మతపరమైన ఆంక్షలు 1871 దాకా పూర్తిగా తొలగలేదని గుర్తుంచుకుంటే, లండన్ చేసిన పని ఎంత పెద్దదో అర్థమవుతుంది. 1878లో అదే విశ్వవిద్యాలయం స్త్రీలకు పట్టాలిచ్చేందుకు అంగీకరించి, బ్రిటన్‌లో ఆ పని చేసిన మొదటి విశ్వవిద్యాలయం అయింది. ఆడవాళ్లకూ, అధికార మతానికి చెందనివాళ్లకూ, ఉద్యోగం మానలేనివాళ్లకూ దూరపు చదువు ఒక తలుపు తెరిచింది.

అదే నమూనా ఇక్కడికి వచ్చేసరికి వేరే ఫలితం ఇచ్చింది. తెలుగు జిల్లాల విద్యార్థి రాజమండ్రిలోనో, విజయనగరంలోనో, మచిలీపట్నంలోనో ఒక కళాశాలలో చదివేవాడు. పరీక్ష మాత్రం మద్రాసుది. అధ్యాపకుడు ఎదుటనే ఉన్నాడు, కాని చదువును శాసించేది కంటికి కనపడని పరీక్షాధికారి. వలస ప్రభుత్వానికి కావలసింది కొలతకు సరిపోయే ఉద్యోగులు. అందువల్ల కంఠస్థం చేయడమే చదువయింది. మనిషి ఎదుట మనిషి కూర్చున్నంత మాత్రాన విద్య జరుగుతుందనుకునేవారికి నేను ‘కన్యాశుల్కం’ చూపిస్తాను. పరీక్ష తప్పిన వెంకటేశానికి గిరీశం ఎదురుగా కూర్చునే చదువు చెప్పాడు. ఆ చదువు ఎలాంటిదో సాహిత్య విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

విశ్వవిద్యాలయాలు తామే అధ్యాపకులను నియమించుకుని పాఠం చెప్పడానికి చట్టపరమైన అవకాశం 1904 నాటి విశ్వవిద్యాలయాల చట్టంతో గాని రాలేదు. అంటే మన విశ్వవిద్యాలయం తన తొలి 47 సంవత్సరాలు ఒక రకమైన దూరవిద్యా సంస్థగానే బతికిందన్నమాట.

2

బోధించే విశ్వవిద్యాలయం మన ప్రాంతాలకు ఇరవయ్యో శతాబ్దంలో వచ్చింది. ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో, కట్టమంచి రామలింగారెడ్డి ఉపాధ్యక్షులుగా ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడ్డాయి. అప్పటినుంచి చదువు అనే మాటకు పాఠంతోపాటు మరికొన్ని తోడయ్యాయి: హాస్టలు, గ్రంథాలయం, వక్తృత్వ పోటీ, గోడపత్రిక, కాంటీనులో వాదన, పరీక్షకు సంబంధంలేని పుస్తకం. వీటిలో ఏదీ పాఠ్యప్రణాళికలో లేదు. కాని గత నూరేళ్ల తెలుగు సాహిత్య చరిత్ర రాయబోయేవాడు వీటిని వదిలేసి ఒక్క అధ్యాయం కూడా రాయలేడు.

హైదరాబాదు విషయమే తీసుకోండి. 1918లో అక్కడ రెడ్డి హాస్టలు మొదలయింది. పేరులోనే కులం ఉన్న సంస్థ అది. అయినా నిజాం రాజ్యంలో తెలుగుకు చోటు కరువైన రోజుల్లో, గ్రామాలనుంచి వచ్చిన పిల్లలు తెలుగు పుస్తకం చదువుకుని తెలుగులో మాట్లాడుకునే చోటుగా అది ఉపయోగపడింది. ‘గోలకొండ పత్రిక’ను నడిపిన సురవరం ప్రతాపరెడ్డి ఆ హాస్టలు కార్యదర్శిగా పనిచేశారు. 1938లో ఉస్మానియా హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను బహిష్కరించినప్పుడు, వారిలో అనేకులు నాగపూరు వెళ్లి అక్కడి విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించారు. ఆ పాటలోని భావాలతో మనకు ఏకీభావం ఉండవచ్చు, లేకపోవచ్చు. ఇక్కడ గమనించవలసింది వేరు. ఒకే పందిరి కింద అన్నం తిన్నవారు కాబట్టే ఒకరికి శిక్షపడితే పదిమంది కదిలారు. ఎవరింట్లో వారు కూర్చుని చదివే విద్యార్థులను వేరువేరుగా బహిష్కరించడానికి ఏ ప్రభుత్వమూ శ్రమపడనక్కరలేదు.

అయితే ఇక్కడే అసలు వైరుధ్యం ఉంది. ఆ పందిరి కింద ఎవరున్నారు, ఎవరు లేరు? ఆంధ్ర విశ్వవిద్యాలయపు గేటు దాటిన తొలితరంలో దళితులెందరు, కూలి చేసుకునే కుటుంబాల ఆడపిల్లలెందరు? తరగతిగది పవిత్రతను గురించి మాట్లాడేవారు ఈ ప్రశ్న ఎదురైనప్పుడు గొంతు తగ్గిస్తారు. మైల అన్న మాట మొదట ఎవరిమీద ప్రయోగింపబడిందో వారికి తెలుసు.

తరగతిగది తనను దూరంగా కూర్చోబెట్టిందన్న సంగతి అంబేద్కర్‌కు తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆయన దాన్ని తిరస్కరించి ఇంట్లో కూర్చుని చదువుకోమని తన ప్రజలకు చెప్పలేదు. 1924లో బహిష్కృత హితకారిణి సభ స్థాపించి, మరుసటి సంవత్సరమే షోలాపూరులో విద్యార్థులకు హాస్టలు తెరిపించారు. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల పెట్టించారు. గడప బయట ఉంచిన సమాజానికి ఆయన ఇచ్చిన సమాధానం కలిసి ఉండేందుకు ఒక ఇల్లు, కలిసి చదివేందుకు ఒక కళాశాల. ఈ విషయం మళ్లీ మనకు అవసరమవుతుంది.

3

స్వాతంత్ర్యం వచ్చాక చదువుకోదలచినవారి సంఖ్య పెరిగింది, కళాశాలలు ఆ వేగంతో పెరగలేదు. ఈ ఒత్తిడిలోనుంచి కరస్పాండెన్స్ కోర్సులు వచ్చాయి. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వాటిని మొదలుపెట్టింది. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1977లో ఉస్మానియా ఆ దారి పట్టాయి. పాఠాలు తపాలాలో వచ్చేవి, జవాబులు తపాలాలో వెళ్లేవి. పోస్టుమాన్ సగం అధ్యాపకుడు అన్నమాట.

ఇదే కాలంలో బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో ఏర్పడి 1971లో బోధన ప్రారంభించింది. దాన్ని సాధించడంలో ముఖ్యపాత్ర వహించిన మంత్రి జెన్నీ లీ ఒక గని కార్మికుడి కుమార్తె. రేడియో, టెలివిజన్ల మీద ఆధారపడి గాలిలో నడిచే విశ్వవిద్యాలయంగా దాన్ని మొదట ఊహించారు. కాని ఆచరణలో అది ఏం చేసింది? ప్రారంభ కోర్సుల విద్యార్థులు ఎండాకాలంలో ఒక వారంపాటు ఏదో ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో కలిసి ఉండి చదవాలని నియమం పెట్టింది. స్థానిక కేంద్రాల్లో ట్యూటర్లను పెట్టింది. గాలిలో పాఠం పంపగలిగినవారే, పాఠం ఒక్కటే చాలదని తొలినాడే గ్రహించారు.

మన రాష్ట్రంలో 1982 ఆగస్టులో, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇదే మొదటిది. దాని తొలి ఉపాధ్యక్షులు జి. రామిరెడ్డి 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా తొలి ఉపాధ్యక్షులయ్యారు. మన విశ్వవిద్యాలయానికి 1991లో అంబేద్కర్ పేరు పెట్టారు.

ఈ సంస్థ చేసిన రెండు పనులను చరిత్ర విస్మరించలేదు. మొదటిది, ఏ సర్టిఫికెట్టూ లేనివారికి కూడా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే అవకాశం ఇచ్చింది. బడి మధ్యలో మానేసినవాడికి విశ్వవిద్యాలయపు తలుపు తెరవడమంటే, పదేళ్ల వయసులో జరిగిన అన్యాయాన్ని ముప్పై ఏళ్ల వయసులోనైనా సరిదిద్దే ప్రయత్నం. రెండవది, చరిత్ర, రాజనీతి, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రాలను సాధారణ విద్యార్థి సొంతంగా చదివి అర్థం చేసుకోగల తెలుగులో రాయించింది. ఆ పుస్తకాలు ఆ సంస్థ విద్యార్థులకే పరిమితం కాలేదు. పోటీ పరీక్షలకు చదివే నిరుద్యోగుల గదుల్లో, మామూలు కళాశాలల విద్యార్థుల చేతుల్లో కూడా తిరిగాయి. ఆధునిక జ్ఞానాన్ని తెలుగులో చెప్పడం అసాధ్యమన్న వాదానికి అవి ఆచరణలో ఇచ్చిన సమాధానం.

నేను ఒక చిన్న పట్టణంలో డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతూ, ఆదివారాలు అక్కడి అధ్యయన కేంద్రంలో కౌన్సెలింగ్ తరగతులు కొన్నేళ్లు తీసుకున్నాను. ఆర్టీసీ కండక్టరు, అంగన్‌వాడీ కార్యకర్త, చిన్నప్పుడే పెళ్లయి ఇరవై ఏళ్ల తర్వాత పుస్తకం పట్టిన గృహిణి - ఇలాంటివాళ్లు వచ్చేవారు. ఆ తరగతులకు హాజరు పట్టీతో నిమిత్తం లేదు. పుస్తకం ఇంట్లోనే ఉంది. అయినా ముప్పై నలభై కిలోమీటర్ల దూరంనుంచి బస్సు ఖర్చు పెట్టుకుని ఎందుకొస్తారని ఒకసారి అడిగాను. “పుస్తకంలో ఉన్నది నాకు అర్థమైందో లేదో పుస్తకం చెప్పదు గదా సార్” అన్నాడు కండక్టరు. తరగతి అయిపోయాక వాళ్లు వెంటనే వెళ్లేవారు కారు. వరండాలో కూర్చుని ఒకరు చదువుతుంటే మిగిలినవాళ్లు వినేవారు. గురజాడ గురించి నేను చెప్పిన దాన్ని ఆ గృహిణి అక్కడ వాళ్లకు మళ్లీ చెప్పేది, నాకంటే బాగా చెప్పేది. దూరవిద్యలో చేరినవారు దూరాన్ని కోరి చేరలేదు. దగ్గరితనం కొనుక్కునే స్తోమతు లేక చేరారు. వారానికొక్క పూట దొరికినా దాన్ని జారవిడుచుకోలేదు.

4

ఇక తెర. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయాల గ్రాంట్స్ కమిషన్ దూరదర్శన్‌లో కళాశాల విద్యార్థులకోసం దేశవ్యాప్త తరగతిగది కార్యక్రమాలు ప్రారంభించింది. అవి ప్రధానంగా ఇంగ్లీషులో నడిచాయి. తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థికి ఆ బొమ్మలు కనిపించాయే గాని మాట అందలేదు. తర్వాత ఐఐటీల పాఠాలు ఇంటర్నెట్‌లోకి వచ్చాయి. 2017లో స్వయం వేదిక వచ్చింది. పెద్ద సంస్థలో పెద్ద ప్రొఫెసరు చెప్పే పాఠాన్ని మారుమూల విద్యార్థి ఉచితంగా వినగలగడం చిన్న విషయం కాదు. దాన్ని తక్కువచేసి మాట్లాడడం అభ్యుదయం కాదు.

2020 మార్చిలో తరగతిగదులు మూతపడ్డాయి, 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయింది. అంతకుముందు తెర అదనం. ఇప్పుడు తెర ఒక్కటే మిగిలింది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటరు ఉన్నవి నూటికి 4.4, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి నూటికి 15 లోపు. పట్టణాల్లో ఇవి 23.4, 42. హాస్టళ్లు ఖాళీచేసి ఇళ్లకు వెళ్లిన విద్యార్థుల్లో ఎక్కువమంది ఏ లెక్కలోకి వస్తారో ఊహించడం కష్టం కాదు.

ఆ నెలల్లో నేనూ ఫోను ముందు కూర్చుని పాఠాలు చెప్పాను. తెరమీద పేర్లుండేవి, మొహాలుండేవి కావు. కెమెరా పెట్టమంటే డేటా అయిపోతుందని కొందరనేవారు. కొందరు ఏమీ అనేవారు కారు. ఇల్లు కనిపిస్తుందని వాళ్ల బెరుకు. ఫోను అన్నది, అన్న పనికి వెళ్తే చెల్లెలికి ఆ రోజు పాఠం లేదు. హాస్టల్లో ఉన్నప్పుడు విద్యార్థినిగా ఉన్న అమ్మాయి ఇంటికి రాగానే వంటింటి మనిషి అయింది. అధ్యాపకుల గొంతు అందరికీ ఒకేలా వెళ్లింది, కాని విన్నవాళ్లు ఒకే చోట లేరు. తరగతిగది ఎన్ని అసమానతలతో నిండి ఉన్నా రోజుకు కొన్ని గంటలపాటు అమ్మాయిని వంటింటినుంచి, అబ్బాయిని కూలిపనినుంచి విడిపించేది. ఆ విడుదల పాఠంలో భాగమని మనకు అది పోయాకనే స్పష్టంగా తెలిసింది.

మరో వైపు కూడా చెప్పాలి. తరగతిలో ఏనాడూ నోరు విప్పని ఒక విద్యార్థి ఆ రోజుల్లో రాత్రిపూట నాకు ప్రశ్నలు రాసి పంపేవాడు, మంచి ప్రశ్నలు. నలుగురి ఎదుట మాట్లాడితే యాసను చూసి నవ్వుతారన్న భయం అతనికి తరగతిగది ఇచ్చిందే. తెర ఆ భయాన్ని కొంత తీసింది. తరగతిగదిని సమర్థించేవారు ముందు ఆ నవ్వును తరగతిగదిలోనుంచి తీసేయాలి.

5

పరిశోధనలు ఏం చెబుతున్నాయి? ఈ విషయంలో ఏళ్ల తరబడి వినిపించిన వాదం, సాధనం మారినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదన్నది. 1999లో థామస్ రసెల్ అటువంటి అధ్యయనాలెన్నింటినో ఒక పుస్తకంగా సంకలనం చేశాడు. 2010లో అమెరికా విద్యాశాఖ ప్రచురించిన సమీక్ష, ఆన్‌లైన్ విద్యార్థులు సగటున కొంచెం మెరుగైన ఫలితాలు సాధించారనీ, రెండు పద్ధతులూ కలిపినచోట ఆ మెరుగు ఎక్కువగా ఉందనీ చెప్పింది. అయితే అలా కలిపినచోట విద్యార్థులకు అదనపు సమయం, అదనపు సామగ్రి కూడా దొరికాయని అదే సమీక్ష హెచ్చరించింది.

సగటు అనే మాట దగ్గర ఆగాలి. సగటులో మనుషులు కలిసిపోతారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు కమ్యూనిటీ కళాశాలల విద్యార్థులపై డీ షూ, షానా జాగర్స్ చేసిన అధ్యయనాల్లో ఆన్‌లైన్ కోర్సుల వల్ల ఎక్కువగా నష్టపోయినవారు నల్లజాతి విద్యార్థులు, మగపిల్లలు, అంతకుముందే చదువులో వెనకబడినవారు అని తేలింది. ముందే బాగా చదువుకున్నవాడు, సొంత గదీ సొంత సమయమూ ఉన్నవాడు ఏ సాధనంతోనైనా నేర్చుకుంటాడు. ఎవరికి చేయూత ఎక్కువ కావాలో వారికి తెర తక్కువ ఇస్తోంది. ఏ వర్గంనుంచి వచ్చినవారు అని అడగకుండా ఏ పద్ధతి మేలు అని అడిగే పరిశోధన సగం ప్రశ్నే అడుగుతోందని దీనివల్ల రుజువవుతోంది.

6

ఇప్పుడు మొదట చెప్పిన గీటురాయి దగ్గరికి వద్దాం. అదనమా, బదులా?

ఒక విద్యార్థి తన డిగ్రీ క్రెడిట్లలో నూటికి 20 వరకు స్వయం కోర్సులద్వారా సంపాదించుకోవచ్చని 2016 నిబంధనలు చెప్పాయి. 2021లో ఆ హద్దు నూటికి 40 అయింది. ఒక శాఖలో తగిన బోధనా సిబ్బంది లేనప్పుడు ఇలాంటి కోర్సులను అనుమతించవచ్చన్న మాట 2016 నిబంధనల్లోనే ఉంది. పైకి ఇది విద్యార్థికి చేసే మేలుగా కనిపిస్తుంది. కాని మన రెండు తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి భర్తీ కాకుండా పడి ఉన్నాయని అందరికీ తెలుసు. మనిషి లేకపోవడాన్ని సరిదిద్దవలసిన లోపంగా కాక, తెర పెట్టడానికి కారణంగా స్వీకరించినప్పుడు ఖాళీలు నింపవలసిన ఒత్తిడి ఎవరిమీద ఉంటుంది? మొదట అధ్యాపకుడు పోతాడు. తర్వాత ఇంతమందికి హాస్టలు ఎందుకంటారు. ఆ తర్వాత గ్రంథాలయానికి డబ్బెందుకంటారు. ఇది జరిగేది ధనికుల పిల్లలు చదివే సంస్థల్లో కాదు. ప్రాంగణమూ, హాస్టలూ, ఎదుటి మనిషీ ఉన్న చదువుకు లక్షలు పోసే కుటుంబాలు దాన్ని వదులుకోవు. ముఖాముఖి చదువు సంపన్నులకూ, రికార్డు చేసిన పాఠం పేదలకూ అన్న విభజన స్థిరపడితే, 1857 నాటి పరీక్షల కార్యాలయం కొత్త రూపంలో మన దగ్గరికి తిరిగి వచ్చినట్టే.

అంబేద్కర్ పేరు పెట్టుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని నేను గౌరవిస్తాను. గడప దాటలేకపోయినవారి ఇంటికి అది పుస్తకాన్ని చేర్చింది. కాని ఆ పేరుగల మనిషి 1925లో షోలాపూరులో తెరిపించింది హాస్టలు. ఈ రెండు పనులకూ మధ్య వైరుధ్యం లేదు, మనం సృష్టించుకుంటే తప్ప. పనిచేసుకునేవారికి, పెళ్లయి చదువు ఆగిపోయినవారికి, వయసు మీరినవారికి, వైకల్యం వల్ల కదలలేనివారికి దూరవిద్య ఇంకా విస్తరించాలి, ఇంకా మంచి తెలుగులో విస్తరించాలి, ఆదివారపు తరగతులు పెరగాలి. పద్దెనిమిదేళ్ల వయసులో మొదటిసారి ఊరు దాటి చదువుకోవడానికి సిద్ధపడిన కూలివాళ్ల బిడ్డకు మాత్రం ఫోను చేతిలోపెట్టి ఇంటికి పొమ్మనకూడదు. ఆ బిడ్డకు గది కావాలి, అన్నం కావాలి, పుస్తకాల బీరువా కావాలి, అర్ధరాత్రి దాకా వాదించే స్నేహితులు కావాలి.

సాహిత్య విద్యార్థులకు ఈ విషయం ఇంకా దగ్గరిది. కవితకు అర్థం ఎవరైనా రికార్డు చేసి పంపవచ్చు. ఆ అర్థంతో విభేదించడానికి ఎదుట ఒక మనిషి ఉండాలి. తన అనుభవం వేరని చెప్పే మరో కులపు, మరో ప్రాంతపు, మరో యాసవాడు పక్క బెంచీలో ఉండాలి. గత యాభై ఏళ్లలో స్త్రీల, దళితుల, మైనారిటీల, ప్రాంతాల గొంతులు తెలుగు సాహిత్య విమర్శను మార్చాయంటే, వారు తరగతిగదుల్లోకీ సెమినారు హాళ్లలోకీ వచ్చి కూర్చుని, లేచి నిలబడి అడగడం దానికి ఒక ముఖ్య కారణం. వారు లోపలికి వచ్చి ఎంతో కాలం కాలేదు. సరిగ్గా ఇప్పుడే తరగతిగది పాతబడిపోయిందని అంటున్నారు. ఎవరు అంటున్నారో, ఎవరి పిల్లలను ఎక్కడ చదివించుకుంటూ అంటున్నారో అడగడం రచయితల బాధ్యత. ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టుల గురించీ, మూతపడుతున్న హాస్టళ్ల గురించీ మనం రాయకపోతే, రేపు రాయవలసినవాళ్లు తయారయ్యే చోటే ఉండదు.